పేరు మారిన పోలీసు: ఉత్తర ఐర్లండు అనుభవం

బరంపురంలోనో, హోసూరులోనో, బళ్ళారిలోనో పోలీసు స్టేషను మెట్లెక్కిన మన విద్యార్థికి, ఆ స్టేషనుకూ ఐర్లండుకూ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. కాని ఉంది. శిస్తు వసూళ్ళలో రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలను విచారించిన సంఘం 1855లో మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలు చేసే చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండడంలోని ప్రమాదం ఆ నివేదికతో బయటపడింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. పై మూడు ఊళ్ళ ప్రజలూ అప్పుడు ఆ రాజధాని కిందివారే (యానాం ఫ్రెంచివారిది, షోలాపురం బొంబాయిది). అలా ఏర్పడిన కొత్త దళం మీద లండను పోలీసుకంటే ఐర్లండు కాన్‌స్టాబ్యులరీ ప్రభావమే ఎక్కువ. ఊరికి జవాబు చెప్పనక్కరలేకుండా, పైనుంచి వచ్చే ఆజ్ఞకు కట్టుబడి ఉండే దళం అది.

ఆ ఐరిషు దళమే 1922లో రద్దయి, బ్రిటను కిందనే మిగిలిన ఉత్తర ఐర్లండులో రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీగా (ఆర్.యు.సి.) కొత్త రూపు తీసుకుంది. ఎనభై ఏళ్ళ తరువాత ఆ దళాన్ని ప్రజలకు చేరువ చేయడానికి జరిగిన ప్రయత్నాన్ని, అందుకే, మనకు సంబంధం లేని దూరదేశపు కథగా మేము చూడడం లేదు.

సంగతి క్లుప్తంగా ఇది. ఉత్తర ఐర్లండులో బ్రిటనుతో ఉండాలనేవారు ఎక్కువగా ప్రొటెస్టంట్లు, ఐర్లండుతో కలవాలనేవారు ఎక్కువగా కాథలిక్కులు. 1960ల చివర మొదలైన హింసలో సుమారు 3,500 మంది చనిపోయారు. వారిలో దాదాపు 300 మంది ఆర్.యు.సి. పోలీసులు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంలో చాలా విషయాలు తేలాయి గాని పోలీసు సంగతి తేలలేదు. దాన్ని ఒక స్వతంత్ర సంఘానికి అప్పగించారు. హాంకాంగు చివరి బ్రిటిషు గవర్నరు క్రిస్ పాటెన్ దానికి అధ్యక్షుడు.

అప్పటికి జనాభాలో నూటికి నలభై మందికి పైగా కాథలిక్కులు; పోలీసులలో మాత్రం నూటికి ఎనిమిది మందే. కాథలిక్కు యువకుడు పోలీసులో చేరితే తన పేటవారి దృష్టిలో ద్రోహి, సాయుధ ముఠాలకు గురి. గేలిక్ క్రీడల సంఘమైతే తన 21వ నియమం ప్రకారం ఆర్.యు.సి. వారికి సభ్యత్వమే ఇచ్చేది కాదు. మరోవైపు, పోలీసు అడుగుపెట్టలేని పేటలలో దొంగతనం జరిగినా, కుర్రాళ్ళు అల్లరి చేసినా విచారణ, తీర్పు, శిక్ష అన్నీ ఆ ముఠాలవే. మోకాలిలో తుపాకితో కాల్చడం ఆ శిక్షలలో ఒకటి. పోలీసును కాదన్న పేటకు న్యాయం దొరకలేదు, వేరొక పోలీసు దొరికాడు. సంస్కరణ ఎవరికి అవసరమని అడిగేవారు ముందు ఆ పేటలలోని తల్లులను తలుచుకోవాలి.

పాటెన్ సంఘం ఊరూరా బహిరంగ సభలు పెట్టింది. పదివేల మందికి పైగా వచ్చారు, వెయ్యిమందికి పైగా మాట్లాడారు. భర్తను పోగొట్టుకున్న పోలీసు భార్య, పోలీసు చేతిలో బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కూడా వచ్చి చెప్పుకోగలిగిన సభలవి. 1999 సెప్టెంబరులో వచ్చిన నివేదికలో 175 సిఫారసులున్నాయి. అన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టడం మా ఉద్దేశం కాదు.

ప్రజలతో కలిసి పనిచేయడం ఒక ప్రత్యేక విభాగానికి అప్పగించే పని కాదని, పోలీసులందరి అసలు పని అదేనని ఆ సంఘం తేల్చింది. మన దేశంలో మైత్రీ సంఘాలు, స్నేహ సభలు చూసినవారికి ఈ తేడా తెలుస్తుంది. ఒక్కో పేటకు ఒక్కో బృందం ఉండాలి. అందులోని పోలీసు కనీసం మూడేళ్ళు, వీలైతే అయిదేళ్ళు అక్కడే ఉండాలి. యూనిఫారం మీద అతని పేరుతోబాటు ఆ పేట పేరు కూడా ఉండాలి. చిన్న సిఫారసే, కాని బదిలీల మీద బదిలీలు చూసిన మనకు దాని బరువు తెలుసు.

పర్యవేక్షణకు 19 మంది సభ్యుల బోర్డు వచ్చింది: పదిమంది రాజకీయ పక్షాలవారు, తొమ్మిదిమంది ఇతరులు. దానికి ‘పోలీసు బోర్డు’ అనక ‘పోలీసింగ్ బోర్డు’ అని పేరుపెట్టాలని సంఘం పట్టుబట్టింది. మొదటి మాట ఒక దళానికి పేరు. రెండవది ఒక పనికి పేరు, అందులో బడికీ పురపాలక సంఘానికీ కూడా పాలుంటుంది. తెలుగులో ఈ రెండింటినీ వేరుచేసే మాట మనకింకా కుదరలేదు. భాషా విద్యార్థులు ఆలోచించవలసిన విషయం. ఫిర్యాదులకు 2000లో స్వతంత్ర అంబుడ్స్‌మన్ కార్యాలయం తెరుచుకుంది. మొదటి అంబుడ్స్‌మన్ నూలా ఓలోన్, ఓమా బాంబు పేలుడు దర్యాప్తును 2001లోనే గట్టిగా తప్పుబట్టి, ఆ కార్యాలయం అలంకారానికి పెట్టింది కాదని చూపించారు.

అన్నింటికంటే ఎక్కువ గొడవ పేరు దగ్గర వచ్చింది. ‘రాయల్’, ‘అల్‌స్టర్’ రెండూ ఒక పక్షపు మాటలని కాథలిక్కుల అభ్యంతరం. ఆ పేరు మీద ప్రాణాలిచ్చినవారిని తుడిచిపెట్టడమేనని ప్రొటెస్టంట్ల బాధ. రెండూ నిజమే. చివరకు 2000 నాటి చట్టం ఒక చిత్రమైన దారి తొక్కింది: చట్టంలోని పూర్తి పేరులో ‘ఆర్.యు.సి.ని కలుపుకొని’ అన్న మాట ఉంటుంది. వీధిలో వాడే పేరు మాత్రం ‘పోలీస్ సర్వీస్ ఆఫ్ నార్తర్న్ ఐర్లండ్’. 2001 నవంబరు 4 నుంచి అదే వాడుక. చిహ్నంలో ఏ రాజ్యపు గుర్తూ ఉండకూడదని పాటెన్ అన్నాడు. బోర్డు అందుకు విరుద్ధంగా కిరీటాన్నీ, ఐరిషు వీణనూ, షామ్‌రాక్ ఆకునూ, న్యాయపు తక్కెడనూ, దివిటీనీ, ఆలివు కొమ్మనూ ఒకే నక్షత్రం చుట్టూ పేర్చి ఒప్పుకుంది. మా దృష్టిలో బోర్డు చేసిందే తెలివైన పని. ఎవరి గుర్తూ లేని చిహ్నాన్ని ఎవరూ తమదనుకోరు.

నియామకాలలో 2001 నుంచి పదేళ్ళు సగం సగం పద్ధతి నడిచింది. పరీక్షలన్నీ నెగ్గినవారిని ఒక జాబితాలో ఉంచి, అందులోనుంచి కాథలిక్కులను, కానివారిని సమాన సంఖ్యలో తీసుకున్నారు. మన రోస్టరు పద్ధతికి ఇది దూరపు బంధువు. దీనికోసం ఐరోపా సమాఖ్య ఉద్యోగ సమానత్వ నిబంధన నుంచి ప్రత్యేక మినహాయింపు కూడా తెచ్చుకున్నారు. అర్హత ఉండీ మతం కారణంగా ఉద్యోగం పోయిన ప్రొటెస్టంటు యువకులు ఉన్నారు. వారి ఫిర్యాదు కొట్టిపారేయదగినది కాదు. 2011లో పద్ధతి ముగిసేసరికి కాథలిక్కులు నూటికి ముప్ఫైకి చేరువయ్యారు. ఆ తరువాత పెరుగుదల దాదాపు ఆగిపోయింది.

క్రీడల సంఘం 21వ నియమాన్ని 2001 నవంబరులో ఎత్తివేసింది. షిన్ ఫేన్ పార్టీ పోలీసును అంగీకరించింది మాత్రం 2007 జనవరిలో. 2011 ఏప్రిల్‌లో ఒప్పందాన్ని ఒప్పుకోని ముఠా ఒకటి ఓమాలో ఇరవై అయిదేళ్ళ కాథలిక్కు కానిస్టేబులు కారుకింద బాంబు పెట్టి చంపింది. అతని శవపేటికను మొదట గేలిక్ క్రీడల సంఘంవారు, తరువాత పోలీసులు భుజాన మోశారు. పదేళ్ళ ముందు ఆ ఇద్దరూ ఒకే పేటికను పట్టుకోవడం ఊహకు అందని సంగతి.

అయినా భయం పోలేదు. 2023 ఆగస్టులో పొరపాటున దాదాపు 9,500 మంది పోలీసులు, సిబ్బంది పేర్లు, పనిచేసే విభాగాలు ప్రజలందరికీ కనబడేలా బయటికి పొక్కాయి. తాము ఏ ఉద్యోగం చేస్తున్నదీ బంధువులకు కూడా చెప్పుకోని కాథలిక్కు పోలీసులు ఉన్నారన్న సంగతి అప్పుడు మళ్ళీ చర్చకు వచ్చింది. యూనిఫారం మీద పేరు, పేట పేరు రాసుకోవాలన్న సిఫారసుకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. పాటెన్ 7,500 మంది ఉండాలన్న దళం, డబ్బు చాలక, 2024 నాటికి 6,500 కన్నా తక్కువకు దిగింది. ఉదయం కారెక్కే ముందు వంగి దాని అడుగు చూసుకునే అలవాటు వారిలో చాలామందికి ఉంది.