గోడలు అలికే ముందు...

"ఏం పెద్దమ్మా, రెండు వారాలై జాడే లేవు?" అనడిగాను మొన్న. కొయ్యూరు వైపు నుంచి నర్సీపట్నం వచ్చి మా వీధిలో అడ్డాకులు అమ్ముతుందామె.

"మనవరాలికి సలిజరమమ్మా. మలేరియా అన్నారు" అంది. ఆశా కార్యకర్త వేలిమీద పొడిచి, రక్తపు చుక్క తీసి, అక్కడికక్కడే పరీక్ష చేసి మాత్రలిచ్చిందట. పిల్ల గట్టెక్కింది.

"మీ ఇంటి గోడలకి దోమల మందు కొట్టలేదా?"

"కొట్టినారమ్మా. మరకలు బాగోలేవని నేనే ఎర్రమన్నుతో అలికీసినాను."

నా గుండె కలుక్కుమంది. ఇల్లు శుభ్రంగా ఉండాలన్న ఇల్లాలి ఆరాటం రక్షణనే చెరిపేసింది!

మనిషిని కుట్టిన దోమ ఒళ్ళు బరువెక్కి పక్కనున్న గోడ మీదే వాలుతుంది. దాని కడుపులో మలేరియా క్రిమి ఎదిగి ఇంకొకరికి అంటుకోవడానికి పది రోజులైనా పడుతుంది. ఈలోగా గోడమీది మందు తగిలి దోమ చస్తే గొలుసు తెగినట్టే. మందు మీద మన్ను పూస్తే దోమకి మళ్ళీ రాజ్యమే! అలకడం తప్పు కాదు. మందు కొట్టేవాళ్ళు రాకముందే అలుక్కోవాలి. తర్వాత రెండు మూడు నెలలు గోడ జోలికి పోకూడదు.

దోమే ఈ జబ్బుని మోస్తుందన్న రహస్యం బయటపడింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. 1953లో దేశమంతటా మలేరియా మీద పోరు మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకి దిగాయి. హమ్మయ్య అనుకుని ఏమరుపాటు పడ్డాం, దోమలేమో మందుకి అలవాటు పడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి! తగ్గింది కదా అని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఊళ్ళో ఒక్క జ్వరం బయటపడితే అది ఒక్కరి జ్వరం కాదు. ఆ దోమ కాటు పది పదిహేను రోజుల కిందటిది. ఈలోగా పక్కింట్లో ఎందరిని కుట్టిందో! అందుకే ఎవరికి, ఏ ఊళ్ళో, ఏ రోజు వచ్చిందో రాసుకుని ఇరుగుపొరుగునీ పరీక్షిస్తారు. జ్వరం దాచుకుంటే ఈ లెక్కంతా తప్పుతుంది. ఫాల్సిపారమ్ రకమైతే మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. అందుకే జ్వరం తగ్గినా డాక్టరు చెప్పినన్నాళ్ళూ మాత్రలు మింగాల్సిందే. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని మందులు వాళ్ళకి పనికిరావు.

పట్నం వాళ్ళం, మనకెందుకనుకోకండి. చలికాలం లంబసింగి చూసొచ్చాక చలిజ్వరం వస్తే "ఏజెన్సీకి వెళ్ళొచ్చాం" అని డాక్టరుకి మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష ఒక రోజు ముందే జరగొచ్చు.

సంగతంతా విన్న పెద్దమ్మ అడ్డాకుల కట్ట దించి నిట్టూర్చింది. "ఈ ముక్క అప్పుడే సెప్తే అలికేదాన్ని కాదు గదమ్మా!"

నిజమే. మందు కొట్టడం ఎంత ముఖ్యమో, ఎందుకు కొడుతున్నారో ఆ ఇంటి ఆడదానికి చెప్పడమూ అంతే ముఖ్యం.