మునిగినవే మిగిలాయి

ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియానికి వెళ్లేవాళ్లు సాధారణంగా ముందు వెతుక్కునేది మైసీనీ బంగారు ముఖకవచాన్ని. 1876లో దాన్ని తవ్వితీసిన ష్లీమన్, ట్రాయ్ యుద్ధవీరుడు అగమెమ్నాన్ ముఖమే అదని నమ్మాడు. ఆ యుద్ధం జరిగిందనుకునే కాలానికి అది దాదాపు మూడు వందల ఏళ్లు పాతదని తర్వాత తేలినా, పేరు మాత్రం వదల్లేదు. బంగారం మెరుపు అలాంటిది. కానీ ఈ మ్యూజియంలో తీరిగ్గా చూడాల్సినవి కంచు విగ్రహాలు. మనం గ్రీకు కళ అంటున్నదాంట్లో ఎంత భాగం కేవలం మనుషుల చేతికి చిక్కకపోవడం వల్ల బతికిందో అవి చెబుతాయి.

ప్రాచీన గ్రీకు శిల్పులకు కంచు అంటే మహా ఇష్టం. అయితే కంచుకు ఎప్పుడూ గిరాకీయే. ఆయుధాలకో, నాణేలకో, పాత్రలకో అవసరం పడితే విగ్రహం కొలిమిలోకి పోయేది. అందుకే పెద్ద కంచు విగ్రహాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాటిలో ఒకటి ఆర్టెమిసియోన్ అగ్రం దగ్గర సముద్రంలో 1926లో, 1928లో ముక్కలుగా దొరికింది. క్రీ.పూ. 460 ప్రాంతానిది, ఎత్తు 2.09 మీటర్లు. ఎడమ చెయ్యి ముందుకు చాచి, వెనక కాలి మడమ ఎత్తి, కుడిచేత్తో ఏదో విసరబోతున్న దేవుడు. చేతిలోది పిడుగైతే జ్యూస్, త్రిశూలమైతే పొసైడన్. ఆ ఆయుధమే పోయింది కాబట్టి వాదన ఇంకా తెగలేదు. ఈ విగ్రహం ఎక్కిన ఓడ క్షేమంగా ఒడ్డు చేరి ఉంటే ఇదీ ఎప్పుడో కరిగిపోయేదేమో!

రోమన్లు చలువరాతిలో చెక్కించుకున్న నకళ్లు బోలెడున్నాయి కదా, వాటితో సరిపెట్టుకోవచ్చు కదా అని అడగొచ్చు. నకలు ఆకారాన్ని చెబుతుంది, నిజమే. కానీ లోపల బోలుగా ఉండే కంచు, చాచిన చేతులను అవలీలగా మోస్తుంది, రాయి మోయలేదు. అందుకే నకళ్లలో కాలి పక్కన చెట్టు మొద్దులు, అక్కడక్కడా ఆధారపు దిమ్మలు కనిపిస్తాయి. అసలు శిల్పి సాధించిన తేలికదనమే నకలులో ముందుగా పోతుంది. పోనీ, మ్యూజియంలోకి చేరాక భయం లేదు కదా అంటే, 1940లో ఇటలీ దాడి మొదలయ్యాక ఇక్కడి సిబ్బందికి ఆ నమ్మకం లేకపోయింది. నెలల తరబడి గదుల నేల తవ్వి, విగ్రహాలను గోతుల్లో దించి పూడ్చేశారు. 1941 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం ఏథెన్స్‌లోకి వచ్చేసరికి గదులు ఖాళీ. కాపాడాలంటే మళ్లీ మట్టిలోనే పెట్టాల్సి వచ్చింది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం అందమైన విగ్రహమేమీ కాదు, పచ్చగా చిలుము పట్టిన కంచు ముక్కలు. 1900లో ఆంటికిథెరా దీవి దగ్గర స్పాంజ్‌ల కోసం మునిగిన గజ ఈతగాళ్లకు ఓ పాత ఓడ కనబడింది. విగ్రహాలతోపాటు పైకి తెచ్చిన ఒక ముద్దలో పళ్ల చక్రం ఉందని 1902లో గమనించారు. సూర్యచంద్రుల గతులను, గ్రహణాలను లెక్కగట్టే యంత్రమది. ముప్ఫై చక్రాలు మిగిలాయి. ఒకదానికి 223 పళ్లు, గ్రహణాలు మళ్లీ అదే వరసలో రావడానికి పట్టే చాంద్రమాసాలన్ని. ఇలాంటిది ఇదొక్కటే దొరికింది కాబట్టి ఎవరో ఒక్క మేధావి సరదాగా చేసిందని తీసిపారేసేవాళ్లున్నారు. అయితే ఆర్కిమిడీస్ చేసిన ఇలాంటి యంత్రం గురించి సిసెరో రాశాడు. పైగా ఇంత పొందికైన పని మొదటి ప్రయత్నంలోనే కుదరదు. దీనికి ముందు చేసినవన్నీ కంచువే అయ్యుంటే, అవి ఏమై ఉంటాయో ఊహించడం కష్టం కాదు.