చిన్నపెట్టె కంప్యూటరు – వేసవి వేడిమి

నీళ్ళు కాచు హీటరు విద్యుచ్ఛక్తిని వేడిమిగా మార్చును. కంప్యూటరు లెక్కలు చేయును, బొమ్మలు చూపును, పాటలు వినిపించును. ఈ రెండింటికిని పోలిక లేదని తోచవచ్చును. కాని శక్తి నిత్యత్వ నియమము ననుసరించి చూచినచో, కంప్యూటరు పెట్టె తీసికొను 150 వాట్ల విద్యుచ్ఛక్తిలో దాదాపు అంతయు తుదకు వేడిమిగానే గదిలో చేరుచున్నది. ఊరకనే కూర్చున్న మనిషి శరీరము సుమారు 100 వాట్ల వేడిమిని వెలువరించును. అనగా గదిలో కంప్యూటరు ఉండుట, ఒకటిన్నర మనుష్యులు అదనముగ ఉండుటతో సమానము.

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ప్రదర్శింపబడిన ఎనియాక్ అను కంప్యూటరులో సుమారు 18,000 శూన్యనాళములు ఉండెను. అది దాదాపు 150 కిలోవాట్ల శక్తిని వాడుకొనెడిది. దానిని చల్లబరచుటకు ప్రత్యేకముగ గాలిని వీచు యంత్రములు కావలసివచ్చెను. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12, టి.డి.సి.-316 మొదలగు కంప్యూటరులను తయారుచేసెను. ఆ తరము యంత్రములను సామాన్యముగ చల్లబరచిన ప్రత్యేక గదులలో ఉంచెడివారు.

నేడు వానికంటె ఎన్నో రెట్లు వేగముగల యంత్రము పది లీటర్ల పెట్టెలో ఇముడుచున్నది. కాని చల్లని గది మాత్రము దానివెంట రాలేదు. గోల్నాకలోనో, తార్నాకలోనో మేడపై అద్దెగదిలో ఉండు విద్యార్థి దానిని పంకా గాలిలోనే నడుపుకొనవలెను. ఏప్రిల్, మే నెలలలో ఈ నగరమున పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట కలదు. తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ముతో కొన్న యంత్రము సరిగా పని తొందరలో ఉన్నప్పుడే మందగించుటకో, ఆగిపోవుటకో కారణమేమి? దీనికి సమాధానము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనే కలదు.

వేడిమి పుట్టు చోటు

కంప్యూటరులో ముఖ్యమైన భాగము ప్రాసెసరు. గోరంత సిలికాను పలకపై కోట్లకొలది ట్రాన్సిస్టరులు ఉండి, క్షణమునకు కోట్లసార్లు తెరచుకొని మూసికొనుచుండును. ప్రతిసారియు కొంత విద్యుదావేశము కదలి, ఆ శక్తి వేడిమిగా మారును. ఇట్లు పుట్టు వేడిమి, వోల్టేజి వర్గమునకును, పౌనఃపున్యమునకును అనులోమానుపాతములో ఉండును.

ఇందులో ఒక మేలు దాగియున్నది. వోల్టేజిని, పౌనఃపున్యమును పదేసి శాతము తగ్గించితిమనుకొందము. 0.9ని మూడుసార్లు హెచ్చించగా 0.729 వచ్చును. అనగా వేగములో పదవవంతు వదలుకొన్నచో, ఈ వేడిమిలో నాలుగవవంతుకు పైగా తగ్గును.

వేడిమి చేయు ప్రయాణము

ప్రాసెసరులో పుట్టిన వేడిమి నాలుగు మజిలీలు దాటవలెను: ప్రాసెసరునుండి లోహపు రెక్కలకు, రెక్కలనుండి పెట్టెలోని గాలికి, పెట్టెనుండి గదికి, గదినుండి బయటికి. ఏ ఒక్క మజిలీలో అడ్డు తగిలినను, వెనుకనున్నదంతయు వేడెక్కును.

మొదటి మజిలీ ఉష్ణవహనము. రాగి, గాలికంటె సుమారు 15,000 రెట్లు మంచి ఉష్ణవాహకము. ఎంత నునుపైన లోహపు తలములను కలిపి నొక్కినను, మధ్య కంటికి కనబడని గాలి సందులు మిగులును. వానిని పూడ్చుటకే ప్రాసెసరుపై పలుచగా ఉష్ణవాహక లేపనమును పూయుదురు. అది దళసరిగ ఉండరాదు. ఏలయన లేపనము గాలికంటె మేలే కాని, రాగికంటె చాల తక్కువ వాహకము.

కొన్ని పరికరములలో రెక్కలవరకు రాగి గొట్టములుండును. వానిలో గాలి తీసివేసి, కొద్దిపాటి నీరు ఉంచి మూసివేయుదురు. వేడి తగిలినకొన నీరు ఆవిరియై గుప్తోష్ణమును తీసికొని పోవును. రెక్కలవద్ద తిరిగి నీరై దానిని వదలును. గొట్టపు లోపలి వత్తివంటి పొరద్వారా వెనుకకు వచ్చును. మన రంజనులో నీటిని చల్లబరచునది కూడ ఈ గుప్తోష్ణమే.

జనవరికి, మే నెలకు భేదము

ప్రాసెసరు 65 వాట్లు వెలువరించుచున్నదనుకొందము. దానినుండి పెట్టెలోని గాలికి పోవు దారిలో ఉష్ణనిరోధము వాటుకు 0.6 డిగ్రీలైనచో, ప్రాసెసరు ఆ గాలికంటె 39 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండును. పెట్టెలోని గాలి గదికంటె 10 డిగ్రీలు వేడి అనుకొందము. జనవరిలో గది 25 డిగ్రీలైనచో ప్రాసెసరు 74 డిగ్రీలు. మే నెలలో గది 42 డిగ్రీలైనచో అది 91 డిగ్రీలు. చాల ప్రాసెసరులకు హద్దు 95 మొదలు 100 డిగ్రీలు.

ఇప్పుడు రెక్కలలో దుమ్ము చేరి నిరోధము 0.8 అయినదనుడు. జనవరిలో 87 డిగ్రీలు. లోపము మనకు తెలియనే తెలియదు. మే నెలలో 104 డిగ్రీలు కావలసి యుండును. కాని హద్దు చేరగనే ప్రాసెసరు తన్నుతాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. అదియు చాలనిచో యంత్రము ఆగిపోవును. కాబట్టి వేసవిలో కనబడు రోగము చలికాలముననే మొదలైనదని గ్రహింపవలెను.

గాలి ఎంత కావలెను?

పెట్టెలోనికి వచ్చిన గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోవుచు 150 వాట్లు మోసికొని పోవలెను. గాలి విశిష్టోష్ణము కిలోగ్రాముకు, డిగ్రీకి సుమారు 1005 జౌళ్ళు. కనుక సెకనుకు 15 గ్రాముల గాలి కావలెను. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకుపైగా ఎత్తున నున్నది. ఇచ్చట 40 డిగ్రీలవద్ద ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.05 కిలోగ్రాములు. లెక్కించగా సెకనుకు 14 లీటర్లు వచ్చును. పది లీటర్ల పెట్టెలోని గాలి సెకనుకు ఒకసారికంటె ఎక్కువగా మారవలెనన్నమాట! పెట్టెను గోడకు ఆనించి, రంధ్రములు మూసినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

గది సంగతి

మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో సుమారు 28 కిలోగ్రాముల గాలి ఉండును. గోడలు ఏమియు గ్రహింపక, గాలియు మారకున్నచో, 150 వాట్లు ఒక్క గంటలో దానిని 19 డిగ్రీలు వేడెక్కించును. గోడలు ఎక్కువ భాగమును గ్రహించును గనుక అంత జరుగదు. కాని మేడపై గదిలో స్లాబే పగలంతయు ఎండకు కాగి, రాత్రి ఆ వేడిమిని లోనికి వెదజల్లును. కప్పుపై తెల్లని సున్నము వేసినచో ఎండ చాలవరకు పరావర్తనము చెందును. ఈ సూత్రము ఆధారముగనే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించెను.

పైపంకా గాలిని కదలించునే కాని చల్లబరచదు. పొడి వేసవిలో నీటి కూలరు గాలిని నిజముగ చల్లబరచును. అప్పుడు కిటికీ తెరచియుండవలెను. తేమ వలన కంప్యూటరులో నీరు పట్టునేమో యని భయము వలదు. తేమ తన తుషారస్థానముకంటె చల్లనైన తలముపైననే నీరగును. పనిచేయు యంత్రము గదికంటె వేడిగా ఉండును. కాని కూలరు తుంపరలు నేరుగ పడరాదు.

చేయదగిన పనులు

పెట్టెకు నలువైపుల జానెడు ఖాళీ ఉంచుడు. గాలి వచ్చు దారిని, పోవు దారిని వేరుచేయుడు. లేనిచో పోయిన వేడిగాలియే తిరిగి లోనికి వచ్చును. లోనికి తెచ్చు పంకా బలము కొంచెము ఎక్కువగ ఉండి, దాని ముందు జల్లెడ ఉన్నచో, దుమ్ము ఇతర సందులలోనుండి చొరబడదు. చిన్న పంకా వడిగా తిరుగుటకంటె, పెద్ద పంకా నెమ్మదిగా తిరిగి అంతే గాలిని ఇచ్చుట మేలు; చప్పుడు తగ్గును.

ఉగాదికి ముందే, ప్లగ్గు తీసివేసి రెక్కల దుమ్ము దులుపుడు. అప్పుడు పంకా రెక్క తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. విద్యుత్తు సరఫరాచేయు లోపలి డబ్బాను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప కూడ అందలి కెపాసిటరులలో ప్రమాదకరమైన ఆవేశము నిలిచియుండును.

తరగతిలో ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని సులభముగ చేయించవచ్చును. పంకా వేగమును మార్చక, ఉదయమున, మధ్యాహ్నమున కంప్యూటరుచేత ఒకే పనిని అరగంట చేయించి, గది ఉష్ణోగ్రతను ఉష్ణమాపకముతోను, ప్రాసెసరు ఉష్ణోగ్రతను తెరపైనను చూచి వ్రాసికొనుడు. రెండింటి భేదము దాదాపు మారకుండుట కనబడును. పిదప ఆ పనిని ఆపి, పది సెకనులకొకసారి ప్రాసెసరు ఉష్ణోగ్రతను గుర్తించి రేఖాపటము గీయుడు. మొదట వడిగా, రానురాను నెమ్మదిగా దిగు వక్రరేఖ వచ్చును. న్యూటను శీతలీకరణ నియమమును బోధించుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ వెదకనక్కరలేదు. ఇదే కొలతను ప్రతి సంవత్సరము జనవరిలో తీసి భద్రపరచినచో, ఆ భేదము పెరిగిన సంవత్సరమున, వేసవి రాకమునుపే యంత్రమును బాగుచేసికొనవచ్చును.