చీకట్లో పిలిచేది ఏ పిట్ట?

అమెరికాకి వచ్చి ఎన్నేళ్ళయినా మనలో చాలామందికి కార్డినల్, రాబిన్ దాటితే ఇక్కడి పిట్టల పేర్లు తెలియవు. పగలు కనిపించేవాటి సంగతే ఇలా ఉంటే, రాత్రి తిరిగేవాటి గురించి చెప్పనక్కరలేదు. నేనుండే నార్త్ కరొలైనాలో వసంతం చివర, పొద్దుగుంకాక పైన్ అడవి పక్కన కాసేపు నిలబడితే, ఒకే మాటని వల్లెవేసే గొంతు ఒకటి వినిపిస్తుంది. ఎవరినడిగినా విప్పూర్‌విల్ అంటారు. కావచ్చు. చక్-విల్స్-విడో కూడా కావచ్చు. ఈ రెండింటినీ ఎలా పోల్చుకోవాలో చెబుతాను.

రెండూ నైట్‌జార్ల కుటుంబానికి చెందినవి. మన వైపు కప్పపిట్ట అనేది వీటికి చుట్టమే. పగలంతా ఎండుటాకుల మధ్య కదలకుండా ఉండి, చీకటి పడ్డాక పెద్ద నోరు తెరుచుకుని ఎగురుతూ రెక్కల పురుగుల్ని పట్టి తింటాయి. గూడు కట్టవు. నేలమీద రాలిన ఆకులలోనే రెండు గుడ్లు పెడతాయి. ఒంటి రంగు కూడా ఆకుల రంగే కనుక పక్కనుంచి నడిచి వెళ్ళినా కనబడవు.

దగ్గరగా చూడగలిగితే తేడాలు లేకపోలేదు. విప్పూర్‌విల్ పొడుగు తొమ్మిది, పది అంగుళాలు. చక్-విల్స్-విడో సుమారు పన్నెండు. బరువులో రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు. అప్పుడప్పుడు చిన్న పిట్టల్ని కూడా మింగేస్తుంది! విప్పూర్‌విల్ బూడిద రంగు, గొంతు నలుపు. చక్-విల్స్-విడో ఎరుపు కలిసిన గోధుమ రంగు. మగ విప్పూర్‌విల్ ఎగిరినప్పుడు తోక చివర రెండు పక్కలా పెద్ద తెల్ల మచ్చలు కనిపిస్తాయి. అయితే చీకట్లో ఇవన్నీ ఎవరికి కనిపిస్తాయి?

అందుకని చెవినే నమ్ముకోవాలి. మనకి ఛందస్సు ఉండనే ఉంది. నొక్కి పలికినదాన్ని గురువనీ, తేల్చి పలికినదాన్ని లఘువనీ అనుకోండి. విప్పూర్‌విల్ కూతలో మూడు అక్షరాలు. మొదటిదీ చివరిదీ గురువులు, మధ్యది లఘువు. అంటే ర గణం. చక్-విల్స్-విడో కూతలో నాలుగు. మొదటి ‘చక్’ చాలా మెల్లగా ఉంటుంది, దూరానికి వినబడదు. అప్పుడు అది కూడా మూడక్షరాల కూతలాగే ఉంటుంది, చిక్కంతా అక్కడే. చివరి అక్షరం పట్టుకోండి. గట్టిగా తెగితే విప్పూర్‌విల్. బలమంతా మధ్యలో ఉండి చివర తేలిపోతే చక్-విల్స్-విడో.

ఊరునిబట్టి కూడా కొంత ఊహించవచ్చు. న్యూ ఇంగ్లండ్‌లో ఉన్నవారు వినేది విప్పూర్‌విల్లే. వేసవిలో ఫ్లోరిడాలో ఉన్నవారు వినేది చక్-విల్స్-విడో. మధ్యనున్న వర్జీనియా, టెన్నెసీ, నార్త్ కరొలైనాలలో రెండూ ఉంటాయి.

విప్పూర్‌విల్‌కి 1812లో శాస్త్రీయ నామం పెట్టిన అలెగ్జాండర్ విల్సన్ కూడా మనలాగా వలస వచ్చినవాడే. స్కాట్లండులో మగ్గం నేసి, 1794లో ఇక్కడికి వచ్చి, ఈ దేశపు పక్షుల గురించి సంపుటాలు రాశాడు. పుట్టిన ఊరు కాకపోయినా చెవి ఒగ్గితే చాలునని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఇది కాలక్షేపం కోసం మాత్రమే కాదు. 1970 నుంచి అమెరికా, కెనడాలలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో సైన్స్ పత్రికలో శాస్త్రజ్ఞులు లెక్క చెప్పారు. పురుగులు తిని బతికే ఈ రెండు పిట్టలూ తగ్గుతున్నాయి. కనబడని పిట్టని లెక్కపెట్టేదెలా? 2007లో వర్జీనియాలోని విలియమ్ అండ్ మేరీ కాలేజీకి చెందిన పక్షి పరిరక్షణ కేంద్రం ఒక పద్ధతి పెట్టింది: వెన్నెల రాత్రి కారులో బయలుదేరి, మైలుకొకటి చొప్పున పది చోట్ల ఆగి, ఆగినచోటల్లా ఆరు నిమిషాలు విని, విన్నది రాసుకోవడం. ఆ పని చేసేది మామూలు జనమే. ఏది ఏదో తెలియకపోతే ఆ లెక్కకి విలువ లేదు.

వచ్చే మే నెల పున్నమికి పిల్లల్ని తీసుకుని దీపాలు లేని దారికి వెళ్ళండి. ఇంజన్ ఆపి, ఫోన్లు లోపల పెట్టి, ఆరు నిమిషాలు వినండి. గురువేదో లఘువేదో పిల్లలకి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.