చౌకధరల దుకాణంలో సరుకు రాక, నిల్వ: ఆబ్జెక్టులతో నమూనా నిర్మాణం

క్లాస్, ఆబ్జెక్ట్, మెథడ్ అనే మాటల అర్థం మీరు ఇంతకు ముందే తెలుసుకున్నారు. ఈ భాగంలో వాటితో ఒక నిజమైన వ్యవహారానికి నమూనా కట్టి చూద్దాం. చాలా పాఠ్యగ్రంథాలు ఈ దశలో 'జంతువు' అనే క్లాస్ రాసి, కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది అని చెప్పి ఊరుకుంటాయి. అందులో పొరపాటు జరిగినా ఎవరికీ నష్టం లేదు. అందుకే ఆ ఉదాహరణ పెద్దగా ఏమీ నేర్పదని నా అభిప్రాయం.

అనకాపల్లి జిల్లా చీడికాడ మండలంలోని ఒక చౌకధరల దుకాణాన్ని తీసుకుందాం. ఇక్కడ లెక్క తప్పితే ఒక కుటుంబం ఖాళీ సంచితో ఇంటికి వెళ్తుంది. లేదా తనిఖీలో నిల్వ తేడా కనిపించి, డీలరు 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం 6ఎ సెక్షన్ కింద కేసును ఎదుర్కోవలసి వస్తుంది.

వ్యవహార స్వరూపం

మండల స్థాయి స్టాక్ పాయింట్ నుంచి బియ్యం 50 కిలోల బస్తాల్లో దుకాణానికి వస్తుంది. కార్డుదారు వచ్చి ఈ-పాస్ యంత్రం మీద వేలిముద్ర వేస్తే, డీలరు తూచి ఇస్తాడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోలు, ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి 5 కిలోల చొప్పున ఆహారధాన్యాలు అందాలి.

ఈ వర్ణనలోని నామవాచకాలను ఏరితే సరుకు, దుకాణం, కార్డు, నిల్వ, రాక, పంపిణీ కనిపిస్తాయి. నామవాచకాలన్నీ క్లాసులు, క్రియలన్నీ మెథడ్లు అనే సూత్రం మొదటి అడుగుకు పనికొస్తుంది, అంతకు మించి కాదు. అసలు ప్రశ్న వేరు: ఏ సమాచారానికి ఎవరు బాధ్యులు?

నిల్వ ఒక అంకె కాదు

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా 'సరుకు' క్లాస్‌లో పేరు, ధర, నిల్వ అని మూడు లక్షణాలు పెడతారు. బియ్యం వస్తే నిల్వ పెంచుతారు, ఇస్తే తగ్గిస్తారు. పైకి సరిగానే ఉంటుంది. ఒక్క నెల లెక్క వేసి చూద్దాం.

దుకాణంలో 120 కిలోల పాత నిల్వ ఉందనుకోండి. 20 బస్తాలు వచ్చాయి. కాగితం మీద 1000 కిలోలు, కాటా మీద 994. ఒక అంత్యోదయ కార్డుకు 35 కిలోలు, నలుగురు సభ్యులున్న మరో కార్డుకు 20 కిలోలు ఇచ్చారు. గదిలో ఉండవలసింది 1059 కిలోలు. కాగితం మీది అంకెను ఎక్కించిన ప్రోగ్రాము 1065 చూపిస్తుంది. ఆ 6 కిలోలు ఎక్కడ పోయాయి? ప్రోగ్రాము చెప్పలేదు, ఎందుకంటే దాని దగ్గర ఉన్నది చివరి అంకె ఒక్కటే. దారిలో తరుగు పోయిందా, తూకంలో ఎక్కువ వెళ్ళిందా, దొంగతనం జరిగిందా అన్నది ఆ అంకెలో లేదు.

పాత కాలపు వర్తకుడు ఇలా చేసేవాడు కాదు. చిట్టాలో ప్రతి రాక, ప్రతి పోక రాసుకుని, ఆవర్జాలో కూడి మిగులు తేల్చేవాడు. మన నమూనా కూడా అలాగే ఉండాలి.

క్లాస్ కదలిక
– తేదీ, సరుకు, పరిమాణం
– ఎక్కడి నుంచి, ఎక్కడికి
– కారణం (రాక, పంపిణీ, తరుగు, దిద్దుబాటు)

క్లాస్ నిల్వ
– లోపల దాచినది: కదలికల జాబితా
– మెథడ్ నమోదు (కదలిక)
– మెథడ్ మిగులు (సరుకు): వచ్చినవి కూడి, పోయినవి తీసివేసి చెప్పాలి

ఇప్పుడు స్టాక్ పాయింట్ నుంచి 1000 కిలోల రాక ఒక కదలిక, 6 కిలోల తరుగు మరో కదలిక. మిగులు అడిగితే 120 + 1000 – 6 – 35 – 20 = 1059 అని వస్తుంది, తేడాకు కారణమూ దొరుకుతుంది. బయటి కోడ్ ఏదీ 'నిల్వ ఇంత' అని నేరుగా రాయలేదు. 'నమోదు' అనే ద్వారం గుండానే రావాలి. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదే. దీన్ని కేవలం సమాచారం దాచడంగా బట్టీ పట్టకండి. కారణం చెప్పకుండా ఎవరూ అంకె మార్చలేకపోవడం దీని ఫలితం. తప్పుగా నమోదైన కదలికను కూడా చెరిపివేయకూడదు, దానికి ఎదురుగా దిద్దుబాటు కదలిక రాయాలి.

ధర విషయం క్లుప్తంగా. మన రాష్ట్రంలో 1983లో కిలో 2 రూపాయలకు బియ్యం పథకం వచ్చింది, 2011లో కిలో రూపాయి అయింది. 2023 జనవరి 1 నుంచి ఆహార భద్రతా చట్టం లబ్ధిదారులకు ధాన్యం ఉచితం. ధరను 'సరుకు' లో ఒకే అంకెగా పెడితే, అది మారిన రోజున పాత నెలల లెక్కలన్నీ కొత్త ధరతో తప్పుగా కనిపిస్తాయి. ధర ఎప్పటి నుంచి అమలన్నది దానితోనే ఉండాలి, పంపిణీ జరిగినప్పటి ధర ఆ పంపిణీలోనే నిలిచిపోవాలి.

కార్డు ఎవరిది?

ఒకప్పుడు ప్రతి కార్డూ ఒక దుకాణానికి కట్టుబడి ఉండేది. కాబట్టి 'దుకాణం' లోపల కార్డుల జాబితా పెట్టడం సహజంగా తోచేది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఒకచోటి కార్డుతో మరోచోట సరుకు తీసుకునే వెసులుబాటు మొదలైంది. చీడికాడలో నలుగురున్న కుటుంబంలో ఒకరు హైదరాబాదుకు పనికి వెళ్ళారనుకోండి. ఆయన అక్కడ 5 కిలోలు తీసుకుంటే, ఊళ్ళో ఇంటివారికి ఆ నెల మిగిలేది 15 కిలోలు.

ఈ 15 అనే అంకెను లెక్కగట్టవలసింది చీడికాడ దుకాణం కాదు, హైదరాబాదు దుకాణమూ కాదు, కార్డే. అందుచేత కార్డు దుకాణంలో అంతర్భాగం కాదు. పంపిణీ సమయంలో మాత్రమే ఆ రెండూ కలుస్తాయి. మొదటిదాన్ని కాంపోజిషన్ అనీ, రెండోదాన్ని అసోసియేషన్ అనీ అంటారు. పరీక్షల్లో వీటి నిర్వచనాలు రాసి మార్కులు తెచ్చుకునేవారు చాలామంది. తేడా తెలిసేది ఇలాంటి చోటే.

అంత్యోదయ కార్డు, సాధారణ కార్డు రెండూ 'అర్హత ఎంత?' అనే ఒకే ప్రశ్నకు తమ తమ పద్ధతిలో జవాబు చెబుతాయి. ఒకటి ఎప్పుడూ 35 అంటుంది, మరొకటి సభ్యుల సంఖ్యను 5తో గుణిస్తుంది. అడిగే దుకాణానికి ఆ తేడా తెలియనక్కరలేదు. పాలిమార్ఫిజం ఇక్కడ దానంతటదే వచ్చింది.

పంపిణీలో మరో చిక్కుంది. కార్డు మీద 'తీసుకున్నారు' అని పడాలి, దుకాణం నిల్వ తగ్గాలి. మొదటిది జరిగి రెండోది జరగకముందే సిగ్నల్ పోతే? బియ్యం గదిలోనే ఉంటుంది, కార్డు మాత్రం ఖాళీ అవుతుంది. కాబట్టి 'పంపిణీ' ని ప్రత్యేక ఆబ్జెక్ట్‌గా చేసి, అర్హత, మిగులు రెండూ సరిచూశాకే రెండు నమోదులూ కలిసి జరిగేలా, లేదా రెండూ జరగకుండా ఉండేలా రాయాలి.

దుకాణం బండి ఎక్కినప్పుడు

2021 ఆరంభంలో రాష్ట్ర ప్రభుత్వం సంచార వాహనాల ద్వారా ఇంటి వద్దకు రేషన్ పంపిణీ మొదలుపెట్టింది. 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్ళీ దుకాణాలకే వచ్చింది. విధానం మంచిచెడ్డలు మన పాఠం కాదు. పంపిణీ అంటే దుకాణంలోనే అని రాసిన ప్రోగ్రాముకు మాత్రం నాలుగున్నరేళ్ళలో రెండుసార్లు తిరగరాత తప్పదు.

మన నమూనాలో ప్రతి కదలికకూ 'ఎక్కడి నుంచి, ఎక్కడికి' ఉంది. 'పంపిణీ కేంద్రం' అనే సాధారణ క్లాస్ రాసి, దుకాణాన్నీ వాహనాన్నీ దాని ఉపక్లాసులు చేస్తే చాలు. దుకాణం నుంచి వాహనానికి సరుకు ఎక్కిస్తే ఒక కదలిక, మిగిలినది దింపితే ఇంకొకటి. కార్డు, నిల్వ క్లాసుల్లో ఒక్క వాక్యమైనా మారదు. వాహనాలు రద్దయినప్పుడు కొత్త ఆబ్జెక్టులు సృష్టించడం ఆపితే సరిపోతుంది. పాత లెక్కలు చెక్కు చెదరవు.

ఆబ్జెక్ట్ భావన పుట్టింది కూడా ఇటువంటి అవసరం నుంచే. 1960లలో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిములా భాష, పేరుకు తగ్గట్టు, వరుసలు, రాకపోకలు ఉండే వాస్తవ వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించడానికి ఉద్దేశించినది.

అభ్యాసం

65 ఏళ్ళు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు డీలరే ఇంటి వద్ద సరుకు అందించాలి. డీలరు 60 కిలోల బియ్యంతో బయలుదేరి, మూడు ఇళ్ళలో 10, 5, 35 కిలోలు ఇచ్చి, నాలుగో ఇంటికి తాళం ఉండటంతో తిరిగి వచ్చాడు. ఈ ప్రయాణంలోని కదలికలన్నీ వరుసగా రాయండి. సంచిలో ఉన్న బియ్యానికి ప్రత్యేక 'పంపిణీ కేంద్రం' అవసరమా, లేక అది దుకాణం నిల్వగానే కొనసాగాలా? మీ నిర్ణయానికి కారణం చెప్పండి. డీలరు దారిలో ఉండగా దుకాణంలో తనిఖీ జరిగితే మీ ప్రోగ్రాము ఏ అంకె చూపుతుందో కూడా రాయండి.