మౌస్ 'ఝుమ్' అంటోంది!

జేబులో ఫోన్ సైలెంట్‌లో ఉన్నా సరే, 'జ్ర్‌ర్' మంటే చాలు... చెయ్యి ఠక్కున అటే వెళుతుంది. మరి కంప్యూటర్ మౌస్ కూడా అలాగే అదిరితే?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కు దగ్గర్లోని ఓ ఆఫీసులో మిత్రుడొకరు అలాంటి మౌస్‌నే చేతికిచ్చాడు. తెరమీది బాణం గుర్తును మెనూ మీదుగా జరిపితే, ఒక్కో ఆప్షన్ దాటినప్పుడల్లా బొటనవేలి కింద చిన్నగా 'టిక్'. తాళంలో చెవి తిరిగినట్టుంది. రోజంతా తెరకు కళ్లప్పగించే ఐటీ ఉద్యోగులకు ఆ పనిలో కాస్త వేళ్లు పంచుకుంటే హాయే కదా!

కిటుకు పెద్దదేం కాదు. బాణం ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుసు. అది బటన్ మీదకు రాగానే మౌస్‌కు సంకేతం వెళుతుంది. లోపలున్న బుల్లి పరికరం అదురుతుంది. అలా సంకేతం పంపేలా సాఫ్ట్‌వేర్ రాసుండాలి, అంతే.

ఆలోచనా కొత్తది కాదు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. ఆ తర్వాత రెండేళ్లకే, 2000లో, లాజిటెక్ కంపెనీ 'ఐఫీల్' పేరుతో అదిరే మౌస్‌ను తెచ్చింది. అది ఎక్కువకాలం నిలవలేదు. ఈలోగా సెల్‌ఫోన్లు, వీడియోగేములు ఆ అదురును ఇంటింటికీ అలవాటు చేశాయి. 2025లో అదే కంపెనీ 'ఎంఎక్స్ మాస్టర్ 4'తో మళ్లీ ముందుకొచ్చింది.

మరి, చూపులేనివారికి ఇది వరమేనా? కళ్లు మూసుకుని చూశా. టిక్... టిక్... అక్కడేదో ఉందని తెలిసింది. కానీ అది 'సేవ్' బటనో, 'డిలీట్' బటనో తెలిస్తే ఒట్టు! కాసేపటికి బాణం తెరమీద ఏ మూలనుందో కూడా తెలియలేదు.

చూపులేనివారు ఎక్కువగా మౌస్ జోలికి వెళ్లకుండా కీబోర్డుతోనే పనిచేసేది అందుకే. జాస్, ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు తెరమీద ఉన్నది చదివి వినిపిస్తాయి. ఎన్‌వీడీఏ అయితే ఉచితం కూడా. ట్యాబ్ మీట నొక్కుతూ, వింటూ ముందుకెళ్లొచ్చు. అయితే ఒక్క చిక్కుంది. బటన్ మీద బొమ్మ పెట్టి, దానికి పేరు రాయడం మర్చిపోతే... స్క్రీన్ రీడర్ 'బటన్' అని ఊరుకుంటుంది. వినేవారి పరిస్థితి, కళ్లు మూసుకున్న నా పరిస్థితే!

ఆ పేరు రాయాల్సింది సాఫ్ట్‌వేర్ ఇంజినీరే. అలాంటివారు వేలమంది ఉన్న చోటు ఈ సైబరాబాద్. మౌస్ అదిరినా అదరకపోయినా, ఆ ఒక్క మాట రాస్తే చాలు... ఎవరో ఒకరు తమ పని తామే చేసుకోగలుగుతారు.