చాట్‌బాట్‌తో ఎంబీబీఎస్ చదువు: అపోహలు – వాస్తవాలు

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు మెడికల్ కాలేజీ హాస్టళ్లలో పాఠ్యపుస్తకం పక్కన అదీ తెరిచే ఉంటోంది. దాంతోపాటు కొన్ని నమ్మకాలూ పాతుకుపోయాయి. వాటిలో కొన్ని రోగికి ప్రమాదకరం.

అపోహ: అమెరికా లైసెన్సు పరీక్షే పాసైంది, డాక్టరుకేం తీసిపోదు.

వాస్తవం: ఆ లైసెన్సు పరీక్ష అయిన యూఎస్‌ఎంఎల్‌ఈ ప్రశ్నల్లో చాట్‌జీపీటీ దాదాపు పాసు మార్కులు తెచ్చుకుందని 2023లో ఒక అధ్యయనం వచ్చిన మాట నిజమే. తర్వాతి మోడళ్లు ఇంకా మెరుగయ్యాయి. కానీ పరీక్ష ప్రశ్నలో వయసు, లక్షణాలు, బీపీ, రక్తపరీక్షల ఫలితాలు ముందే రాసి ఉంటాయి. ఓపీకి వచ్చిన మనిషి "నీరసంగా ఉంది సార్" అని ఊరుకుంటాడు. మందు అలవాటు లేదంటాడు, పక్కనున్న భార్య తల దించుకుంటుంది. కామెర్లు కంట్లో చూడాలి, కాలేయం చేత్తో తడమాలి. ఏం అడగాలో, ఎక్కడ వెతకాలో నేర్చుకోవడానికే క్లినికల్ పోస్టింగులు.

అపోహ: పుస్తకాల్లో ఉన్నదే చెబుతుంది, సరిచూడక్కర్లేదు.

వాస్తవం: ఏ దేశపు పుస్తకం, ఏ ఏటి పుస్తకం? పాముకాటునే తీసుకోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలన్నిటికీ మన దగ్గర ఒకే యాంటీవీనమ్ ఇస్తారు. అమెరికాలో దొరికే మందులు అక్కడి పాములకు చేసినవి, మోతాదులూ వేరు. ఇంకో ముఖ్య విషయం. పిల్లలకు బరువును బట్టి మందు తగ్గించడం మామూలు సూత్రమే అయినా యాంటీవీనమ్‌కు అది పనికిరాదు. కాటేసేది పిల్లాడిని కదా అని పాము విషం తగ్గించి వదలదు. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఒకే మోతాదు. ఇక్కడ చాట్‌బాట్ మామూలు సూత్రం వల్లిస్తే, విద్యార్థి దాన్ని నమ్మితే, పిల్లాడి ప్రాణం మీదికి వస్తుంది.

క్షయ సంగతీ అంతే. ప్రభుత్వ కార్యక్రమంలో ఒకప్పుడు వారానికి 3 సార్లు మందులిచ్చేవారు. 2017 నుంచి రోజూ వేసుకునే పద్ధతికి మారారు. పాత పద్ధతి రాసిన పేజీలు ఇంటర్నెట్‌లో ఇంకా ఉన్నాయి. చాట్‌బాట్ తప్పునూ ఒప్పునూ ఒకే ధీమాతో చెబుతుంది. లేని పరిశోధన పత్రాలకు రచయితల పేర్లు కూడా పెట్టేస్తుంది. మోతాదు ఏదైనా జాతీయ మార్గదర్శకాల్లో చూశాకే నమ్మాలి.

అపోహ: డాక్టరు చేతిలో ఏఐ ఉంటే రోగ నిర్ధారణ దానంతటదే మెరుగవుతుంది.

వాస్తవం: 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 50 మంది అమెరికన్ వైద్యులు పాల్గొన్నారు. చాట్‌జీపీటీ మోడలైన జీపీటీ-4 వాడినవారికి 76 శాతం, వాడనివారికి 74 శాతం మార్కులొచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా కాదు. అదే కేసుల్లో జీపీటీ-4 ఒక్కటే ఇంకా బాగా రాసింది! సాధనం దొరికినంత మాత్రాన వాడకం రాదని నాకు అర్థమైంది. అలాగని, వాడితే బద్ధకస్తులవుతారని పూర్తిగా నిషేధించడమూ సరికాదు. ముందు మీ డిఫరెన్షియల్ డయాగ్నసిస్ మీరే కాగితం మీద రాయండి. ఆ తర్వాతే "నేనేం వదిలేశాను?" అని చాట్‌బాట్‌ను అడగండి.

అపోహ: పేరు కొట్టేస్తే కేసు షీటు ఫొటో ఎక్కించవచ్చు.

వాస్తవం: ఐపీ నంబరు, ఊరు, తేదీ, అరుదైన జబ్బు కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. రోగి తన బాధ చెప్పుకున్నది మీకు, ఏదో కంపెనీ సర్వరుకు కాదు. దయచేసి ఆ ఫొటో ఎక్కించకండి.